శేరు తవుడు

ఫోను మోగేసరికి గూటి ముందు కూర్చుని
పెట్టల్ని లెక్కపెడుతున్నాను.
మందస కొండ మంచులో ములిగిపోయింది.
కొబ్బరి మొవ్వులు మాత్రం పైన తేలుతున్నాయి.

"అప్పా, కోళ్లకి సలేస్తే ఏటి సెయ్యాల?"

నెల తర్వాత కలిసిన లైనులో
మా తమ్ముడి మొదటి మాట అది.

లడక్‌లో, పేరు చెప్పకూడని చోట,
కూర కోసం బండెక్కి వచ్చాయట ఐదు కోళ్లు.
వంటవాడు కత్తి నూరుతుంటే
ఒకటి ఎవరిదో బూటులో గుడ్డు పెట్టిందట.
అంతే,
జవాన్లంతా ఆ పూట పప్పన్నం తిన్నారు.

అక్కడ మంచు మోకాలి దాకా అన్నాడు.
నాకు తెలిసిన మంచుకి లోతు లేదు.
చెంగు తడుపుతుంది, జీడిపూత మాడుస్తుంది,
పొద్దెక్కితే చెప్పకుండా పోతుంది.
వాడిది పోదట.
కళ్లంలో ఊక ఎత్తినట్టు పారతో ఎత్తాలట.
ఒకే మాటని పట్టుకుని
చెరో చివరా లాగుతున్నాం.

అయినా తెలిసినంత చెప్పాను.

"సలి సంపదురా, తడి సంపుతాది.
గూడు మొత్తం మూసీకు. పైన జానెడు కంత వొగ్గీ.
లేకపోతే వాటి ఊపిరే వాటి మీద కురుస్తాది.
కింద ఊక పొయ్యి. ఊక లేదా, ఎండుగడ్డి.
అదీ లేదా, నీ పాత ఉత్తరాలు సింపి పొయ్యి.
కూకోడానికి సన్నకర్ర వొద్దు, పలక కట్టు,
కాలివేళ్ల మీద పొట్ట పరుసుకుంటాది.
పొద్దుగూకే ముందు గింజ మేపు.
కడుపులో గింజే రాత్రంతా కుంపటి."

"ఎర్రపెట్ట తురాయి నల్లబడతన్నాదప్పా."

"కొయ్యకు, అదే రాల్తాది. కొబ్బరినూని రాయి."
అనేసి నాలుక కరుచుకున్నాను.
పుష్యంలో మా ఉద్దానంలోనే
సీసాలో నూనె తెల్లగా పేరుకుంటుంది.
"సీసా సంకలో పెట్టుకుంటే కరుగుతాదిరా."
"ఏడు సొక్కాల కింద ఉన్నాదప్పా నా సంక."

నవ్వు సగంలో లైను తెగింది.

వాడి పేరు తవిటయ్య.
నా తర్వాత ఇద్దరు పురిట్లోనే పోతే
మా అమ్మ వీణ్ణి చేటలో పడుకోబెట్టి
పక్కింటి ముసిలమ్మకి ఇచ్చేసి
శేరు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది.
కొన్న బిడ్డని చావు ఎత్తుకుపోదని.
ఆ తవుడు కొలిచింది నేనే, ఏడేళ్లదాన్ని.
చేతులు లంగాకి తుడుచుకోవడం గుర్తుంది.
తక్కువ కొలిచానేమోనని
ఇన్నేళ్లకి ఇప్పుడు అనుమానం.

పంతొమ్మిది రోజులు ఫోను లేదు.
తిత్లీ తుపానుకి పడిన కొబ్బరి మొద్దులతో కట్టిన గూడు,
తలుపు తీస్తే వెచ్చని రెట్టకంపు.
నల్లపెట్ట ముందుగా దిగి
ఒంటికాలి మీద నిలబడి
రెండో కాలు ఈకల్లో దాచుకుంటుంది.
దాని వైపు చూస్తూ అంబలి చల్లార్చేసుకుంటాను.

ఇరవయ్యో రోజు:
"ఒకటి పోయిందప్పా.
పాతిపెడదామంటే గునపం దిగలేదు.
గుడ్డు రాయైపోయి నిలువునా పగిలింది."
"ఎర్రదో?"
"బతికింది. తురాయి కొస ఎండి రాలిపోయింది."
"నీ వేళ్లు ఎలాగున్నాయిరా?"

చాలాసేపు గాలి మాట్లాడింది.

"కోళ్ల సంగతి అడగప్పా."

పోస్టాఫీసులో గుమస్తా సంచి నొక్కి చూశాడు.
"ఏటమ్మా ఇది?"
"తవుడు."
"మిలట్రీకి తవుడేటి?"
వెనక నిలబడినవాళ్లు నవ్వారు.
నేనేం చెప్పలేదు.
ఇంట్లో కొలిచినప్పుడు
శేరు మీది గుట్టని అరచేత్తో తుడవలేదు,
దాన్నీ సంచిలోకే ఒంపాను.

తూకం ఎక్కువైంది,
ఇంకో పన్నెండు రూపాయలు కట్టాలన్నాడు.
కొంగు ముడి విప్పాను.